సర్కారు గడప ఎక్కడ? — పాఠకుల ప్రశ్నలు, పంతులమ్మ జవాబులు

ఈ నెల సంచిలో వచ్చిన ఉత్తరాలు చాలావరకు అమెరికా గురించే. పిల్లలను చూసి వచ్చిన తల్లిదండ్రులవి కొన్ని, వెళ్ళాలని ఉబలాటపడే పిల్లలవి కొన్ని. ఆ దేశం మొహం ఎన్నడూ చూడకపోయినా దాని చట్టం తమ వలలో చిక్కుకున్నవారివి మరికొన్ని. ముప్పై మూడేళ్ళు విశాఖలో డిగ్రీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెప్పాను. అమెరికా రాజ్యాంగం మొదలుపెట్టగానే సగం తరగతి కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూసేది. ఇప్పుడు అదే పాఠాన్ని స్టాంపు అంటించి మరీ అడుగుతున్నారు. ఆలస్యమైనా సంతోషమే.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నవంబరులో డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. థాంక్స్ గివింగ్ రోజున అతని స్నేహితుణ్ణి కుటుంబంతో భోజనానికి పిలిచారు. ఇద్దరూ ఇక్కడ ఒకే ఇంజనీరింగ్ కాలేజీ, ఒకే హాస్టల్ గది. నేను గుత్తివంకాయ వడ్డిస్తుండగా మాట ప్రభుత్వం మీదికి మళ్ళింది. మావాడు "నా జీతంలో కోత కోసి ఎవరికో వైద్యం చేయించడం సర్కారు పని కాదు" అన్నాడు. అతను "జబ్బు చేసినవాణ్ణి వీధిలో వదిలేసేది ఒక దేశమా" అన్నాడు. పాయసం ముట్టకుండానే లేచి వెళ్ళిపోయారు. న్యాయం ఎవరివైపు ఉంది?
— ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక తల్లి

జవాబు: ముందు మీరు ఆ పిల్లవాడికి ఫోను చేసి పలకరించండమ్మా. పెద్దవాళ్ళు చేస్తే కాదనరు. తగువు సంగతి తరువాత.

మీ వాళ్ళు దెబ్బలాడుకున్న విషయానికి రెండు వందల ముప్పై ఏళ్ళు దాటాయి. 1791లో జాతీయ బ్యాంకు పెడదామని అక్కడి ఆర్థిక మంత్రి హామిల్టన్ అన్నాడు. రాజ్యాంగంలో బ్యాంకు అన్న మాట ఎక్కడుందో చూపించమని విదేశాంగ మంత్రి జెఫర్సన్ అడిగాడు. అక్కడి రాజ్యాంగం మొదటి అధికరణం ఎనిమిదో విభాగంలో జాతీయ చట్టసభ ఏయే పనులు చేయవచ్చో ఒక జాబితా ఉంది. అదే 1791లో వచ్చిన పదో సవరణ, కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవి లేదా ప్రజలవి అని చెప్పింది. అందుకే అక్కడ ఏ పథకం వచ్చినా మొదటి ప్రశ్న "ఇది చేసే అధికారం నీకెవరిచ్చారు?" అని. మన రాజ్యాంగం తీసి ఆదేశిక సూత్రాలు చదవండి: రాజ్యం ఇది చేయాలి, అది చేయాలి అనే ఉంటుంది. మన వీధిలో కుళాయి రాకపోతే "ఎందుకు వేయలేదు?" అని అడుగుతాం. వేసే అధికారం ఏ ప్రభుత్వానిది అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

అంత నిక్కచ్చిగా మాట్లాడిన జెఫర్సన్ తాను అధ్యక్షుడయ్యాక, 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా భూభాగాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నాడు. దేశం దాదాపు రెట్టింపయింది. భూమి కొనవచ్చని ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇక వైద్యం. 1935లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ వృద్ధాప్య పింఛను తెచ్చాడు. 1965లో అధ్యక్షుడు జాన్సన్ అరవై అయిదేళ్ళు దాటినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే సర్కారు వైద్య బీమాలు తెచ్చాడు. 2010లో ఒబామా తెచ్చిన వైద్య బీమా చట్టానికి దిగువ సభలో 219 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 212. చిన్న ప్రభుత్వం కావాలనే రిపబ్లికన్ పార్టీలో ఒక్కరూ అనుకూలంగా వేయలేదు. 2012లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, మెడికెయిడ్‌ను ఇంకా ఎక్కువమంది పేదలకు విస్తరించే భాగాన్ని తీసుకోవడం మానడం రాష్ట్రాల ఇష్టమంది. మీరు పాయసం వండిన టెక్సాస్ దాన్ని తీసుకోలేదు.

మీ అబ్బాయిని ఒక మాట అడగండి. అతని బీమా ఎక్కడి నుంచి వస్తోంది? కంపెనీ ఇస్తోంది అంటాడు. కంపెనీ కట్టే ఆ ప్రీమియం మీద అతను ఆదాయపు పన్ను కట్టడు. జీతంగా ఇస్తే కట్టేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేస్తే, పనివాళ్ళను ఆకట్టుకోవడానికి కంపెనీలు బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. పన్ను చట్టం తరువాత దానికి గొడుగు పట్టింది. కాబట్టి మీవాడి వైద్యంలోనూ సర్కారు సొమ్ముంది. చేతికి ఇవ్వకుండా పన్నులో వదిలేసింది కనుక కనబడదు, అంతే. 2009లో దక్షిణ కరోలినాలో ఒక సభలో ఒక పెద్దాయన లేచి, నా మెడికేర్ జోలికి ప్రభుత్వాన్ని రానీయకండి అని తమ ప్రతినిధిని గదమాయించాడు. మెడికేర్ ప్రభుత్వానిదేనని ఆ ప్రతినిధి నచ్చజెప్పబోతే వినలేదు. నవ్వొస్తుంది గానీ మన ఇళ్ళలోనూ అలాంటి పెద్దాయనలు ఉన్నారు.

స్నేహితుడి మాటా పూర్తి నిజం కాదు. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి డబ్బు లేదని ఆసుపత్రి అత్యవసర విభాగం గెంటకూడదని 1986 నుంచి చట్టముంది. సంతకం పెట్టినది రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్. "ప్రభుత్వం మన సమస్యకు పరిష్కారం కాదు, ప్రభుత్వమే సమస్య" అని 1981లో ప్రమాణ స్వీకారం రోజున చెప్పిన మనిషే! అయితే వైద్యం చేసిన తరువాత బిల్లు ఎవరు కట్టాలో ఆ చట్టం చెప్పలేదు. తగువంతా ఆ బిల్లు గురించే.

నా తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాను. వైద్యం విషయంలో నేను స్నేహితుడి వైపు. గుండెపోటు వచ్చినవాడు పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరినట్టు ఆసుపత్రిని బేరమాడి ఎంచుకోలేడు. కానీ మీ అబ్బాయి వేసిన ప్రశ్న పనికిమాలినది కాదు. ఇది ఏ ప్రభుత్వం పని, కేంద్రానిదా రాష్ట్రానిదా ఊరిదా అని అతను అడిగి ఉంటే నేను అతని పక్కన కూర్చునేదాన్ని. అమెరికాలో సుమారు తొంభై వేల స్థానిక ప్రభుత్వాలున్నాయి. బడికి ఒక బోర్డు, నీళ్ళకు ఒక బోర్డు, చాలావాటికి ఎన్నికలు. మన విశాఖ నగరపాలక సంస్థకు 2007లో ఎన్నికలు జరిగాయి. పాలకమండలి గడువు 2012లో తీరింది. మళ్ళీ ఓటేసింది 2021లో. తొమ్మిదేళ్ళు మన వార్డుకు కార్పొరేటరు లేకపోతే ఎం.వి.పి. కాలనీలో ఎవరి ఇంట్లోనైనా పాయసం మిగిలిపోయిందా?

ప్రశ్న: అమ్మగారూ, ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేసి దిగాను. కర్మాగారం అమ్మకానికి వ్యతిరేకంగా వేసిన నిరసన శిబిరంలో కూర్చున్నప్పుడు ఒక కుర్రవాడు "అమెరికాలో సర్కారు ఉక్కు చేస్తుందా తాతా? వ్యాపారం సర్కారు పని కాదు" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.
— కూర్మన్నపాలెం నుంచి ఒక విశ్రాంత కార్మికుడు

జవాబు: నిజమే, చేయదు. కానీ చేయబోయింది. 1952 ఏప్రిల్‌లో కొరియా యుద్ధం నడుస్తోంది. ఉక్కు కార్మికుల సమ్మె తప్పేలా లేదు. తుపాకులకు ఉక్కు ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ దేశంలోని ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకోమని ఆజ్ఞ ఇచ్చాడు. కంపెనీలు కోర్టుకెక్కాయి. జూన్ 2న సుప్రీంకోర్టు 6–3 తేడాతో, చట్టసభ ఇవ్వని అధికారం అధ్యక్షుడికి లేదంది. మిల్లులు వెనక్కి వెళ్ళాయి, సమ్మె యాభై మూడు రోజులు జరిగింది. యుద్ధం మధ్యలో దేశాధ్యక్షుడి చేతిలోంచి ఫ్యాక్టరీ తాళాలు లాక్కుని యజమానులకు ఇచ్చిన దేశమది. మీ కుర్రవాడి మాటకు అక్కడ అంత వేరుంది.

ఇప్పుడు రెండో వైపు వినండి. 2025 జూన్‌లో జపాన్ కంపెనీ నిప్పాన్ స్టీల్ అమెరికాలోని యు.ఎస్. స్టీల్‌ను కొన్నప్పుడు, ట్రంప్ ప్రభుత్వం తనకంటూ ఒక 'బంగారు వాటా' పెట్టుకుంది. ముఖ్యమైన కొన్ని నిర్ణయాలకు ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఆగస్టులో ఇంటెల్ అనే చిప్‌ల కంపెనీలో సుమారు పది శాతం వాటా తీసుకుంది. వ్యాపారం సర్కారు పని కాదని నలభై ఏళ్ళు చెప్పిన పార్టీ చేసిన పనులివి.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే టెనెసీ లోయ సంస్థ ఉంది. 1933లో రూజ్వెల్ట్ పెట్టిన ప్రభుత్వ విద్యుత్ సంస్థ. మన దామోదర్ లోయ సంస్థకు అదే నమూనా. 1953లో రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాన్ని పాకుతూ వస్తున్న సోషలిజానికి ఉదాహరణగా చూపించాడు. కాలం తిరిగింది. 2013లో డెమోక్రాట్ ఒబామా తన బడ్జెట్లో దాన్ని అమ్మే ఆలోచన చేద్దామన్నాడు. అడ్డం పడినది ఎవరనుకున్నారు? టెనెసీ రిపబ్లికన్లు! కరెంటు ధర పెరుగుతుందన్నారు. ఆ సంస్థ ఇవాళ్టికీ ప్రభుత్వానిదే.

మన దగ్గర 2021 జనవరిలో కేంద్రం ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరు శాతం అమ్మాలని నిర్ణయించినప్పుడు గాజువాకలో ఏ జెండావాడు 'అమ్మండి' అని మైకు పట్టుకున్నాడు? దేశమంతా ప్రైవేటు కావాలనేవారు కూడా ఇక్కడికొచ్చి 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అనవలసి వచ్చింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. టెనెసీ అయినా గాజువాక అయినా, సొంత ఊరి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి సిద్ధాంతం చెప్పులు బయట విడిచి వస్తుంది.

నా సంగతి చెప్పనివ్వండి. మా నాన్నగారు మల్కాపురంలో కాల్టెక్స్‌లో ఫిట్టరు. 1957లో అమెరికా కంపెనీ మొదలుపెట్టిన చమురు శుద్ధి కర్మాగారమది. 1976లో ప్రభుత్వం తీసుకుంది, 1978లో హిందూస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఆయన పోయేవరకు దాన్ని కాల్టెక్స్ అనే పిలిచారు. "పైపు అదే, బోర్డు మారింది" అనేవారు. పక్కనే నౌకా నిర్మాణ కేంద్రం. 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టింది, ప్రభుత్వం చేతికి వచ్చి దశాబ్దాలు దాటినా బస్సు కండక్టరు నేటికీ 'సింధియా' అనే కేకేస్తాడు. పేర్లు ప్రైవేటువి, జీతాలు సర్కారువి. ఇలాంటి ఊళ్ళో పుట్టినదాన్ని సర్కారు వ్యాపారం చేయకూడదని ఒక్క గుక్కలో అనలేను. నష్టాలు ఎవరు భరించాలని ఆ కుర్రవాడు అడిగితే మాత్రం దానికి మీ శిబిరం లెక్క చూపించాలి తాతగారూ, పాటతో సరిపెట్టకూడదు.

ప్రశ్న: ఏనుగు ఎవరిది, గాడిద ఎవరిది? ఎందుకు?
— భీమిలి నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: ఏనుగు రిపబ్లికన్లది, గాడిద డెమోక్రాట్లది. థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు 1870ల్లో వేసిన బొమ్మలతో రెండూ స్థిరపడ్డాయి. ఏనుగు పెద్దదే అయినా దాని పార్టీ మాత్రం చిన్న ప్రభుత్వం కావాలంటుంది తల్లీ, పరీక్షలో తికమకపడకు.

ప్రశ్న: టీచరమ్మ గారికి దండాలు. మా బోటు వలకు తాబేలు తప్పించుకునే కన్నం పెట్టకపోతే సముద్రం రొయ్యను అమెరికా కొనదంటున్నారు. స్వేచ్ఛ, స్వేచ్ఛ అని అరిచే దేశం విశాఖ వలలో వేలు పెట్టడమేమిటి? వాళ్ళ జాలర్లను కూడా ఇలాగే సతాయిస్తారా?
— ఫిషింగ్ హార్బర్ నుంచి ఒక బోటు యజమాని

జవాబు: ఈ నెల అందరికంటే మంచి ప్రశ్న మీదే. ఎందుకంటే అమెరికా తగువు అంతా మీ వల కన్నంలో దూరి బయటికి వస్తుంది.

1989లో అమెరికా ఒక చట్టం చేసింది. సముద్ర తాబేళ్ళను చంపే పద్ధతిలో పట్టిన రొయ్యలను దిగుమతి చేసుకోకూడదని దాని సారం. అధ్యక్షుడు పెద్ద బుష్, రిపబ్లికన్. మన దేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. తాబేలును కాపాడాలనుకోవడం తప్పు కాదు, దేశానికొక రకంగా అమలు చేయడం తప్పు అని 1998లో తీర్పు వచ్చింది. చెరువు రొయ్యకు ఈ చట్టం వర్తించదు. అందుకే భీమవరం రొయ్య ఓడ ఎక్కుతుంది, మీది ఒడ్డునే ఉంటుంది.

వాళ్ళ జాలర్లనూ సతాయించారు, మీకంటే ముందే. ఆ పరికరాన్ని అక్కడ టెడ్ అంటారు. వల మధ్యలో జల్లెడలాంటి ఇనుప చట్రం. రొయ్య వెనక సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి మూతలోంచి బయటపడుతుంది. దాంతో రొయ్యలూ జారిపోతున్నాయని అక్కడివాళ్ళు గోలపెట్టారు. 1989 జూలైలో టెక్సాస్, లూసియానా తీరాల్లో వందల బోట్లను అడ్డంగా నిలబెట్టి ఓడల దారులు మూసేశారు. మీరు ఎప్పుడైనా మన రేవు మొగ దగ్గర అలా చేశారా? లూసియానా రాష్ట్రమైతే 1987లోనే, తమ రాష్ట్ర అధికారులు ఆ కేంద్ర నిబంధనను అమలు చేయకూడదని చట్టం చేసింది! అది రద్దయింది 2015లో. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే నీటి మీద రెండు ప్రభుత్వాలు రెండు మాటలు.

ఇంకొకటి వినండి. ఈశాన్య తీరంలో హెర్రింగ్ అనే చేపను వేటాడేవాళ్ళున్నారు. పట్టుబడి లెక్క చూడటానికి బోటులో ఒక పరిశీలకుణ్ణి ఎక్కించుకోవాలి, పైగా అతని జీతం మీరే కట్టండి అని చేపల శాఖ నిబంధన పెట్టింది. రోజుకు ఏడు వందల డాలర్ల వరకు అవుతుందని లెక్క. జీతం జాలరి కట్టాలని చట్టంలో ఉందా? లేదు. శాఖ తానే అలా అర్థం చేసుకుంది. 1984 నాటి ఒక తీర్పు ప్రకారం, చట్టంలో స్పష్టత లేనిచోట శాఖ చెప్పిన అర్థం సబబుగా ఉంటే కోర్టులు ఒప్పుకునేవి. జాలర్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2024 జూన్ 28న ఆ నలభై ఏళ్ళ సూత్రాన్ని కోర్టు కొట్టేసింది. చట్టానికి అర్థం చెప్పేది జడ్జీలే, గుమాస్తాలు కాదంది. గాలి, నీరు, మందులు, బ్యాంకులు అన్నింటి నిబంధనల మీదా ఆ తీర్పు నీడ పడింది. చేపల బోటులో ఒక మనిషికి చోటు, కూలి దగ్గర మొదలైన గొడవ!

రిపబ్లికన్లు దీన్ని స్వేచ్ఛకు గెలుపు అన్నారు. సముద్రం గురించి తెలిసిన శాస్త్రజ్ఞుణ్ణి పక్కకు నెట్టి తెలియని జడ్జిని కూర్చోబెట్టారని డెమోక్రాట్లు అన్నారు. జీతం విషయంలో జాలర్ల కోపం నాకు న్యాయంగానే తోచింది. సర్కారుకు లెక్క కావాలంటే సర్కారే కట్టుకోవాలి. తాబేలు విషయంలో మాత్రం నేను మీతో లేను. జనవరి, ఫిబ్రవరిలో పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తుంటే ఆలివ్ రిడ్లీ కళేబరాలు ఇసుకలో బోర్లా పడి ఉంటాయి. ఒక్కొక్కటి మన టీపాయి అంత. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అరవై ఒక్క రోజులు వేట ఆపుతున్నారు, రేపటి చేప కోసమని ఒప్పుకున్నారు కదా. కన్నం కూడా అలాంటిదే. టెడ్ ఖరీదు మీ నెత్తిన వేయకూడదని అడగండి, నేనూ సంతకం పెడతాను.

ప్రశ్న: ప్రభుత్వమే 'మూతపడటం' ఎలా సాధ్యం? మన దేశంలో ఎందుకు జరగదు?
— ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి

జవాబు: మన దగ్గర ద్రవ్య బిల్లు లోక్‌సభలో ఓడితే ప్రభుత్వం పడిపోతుంది. బడ్జెట్ ఆలస్యమైతే 116వ అధికరణం కింద కొన్నాళ్ళకు సరిపడా డబ్బు ముందే తీసుకుంటారు. అమెరికాలో అధ్యక్షుడు పడిపోడు, సభా పడిపోదు. డబ్బు మాత్రమే ఆగుతుంది. అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం. ఆలోగా కేటాయింపులు కుదరకపోతే శాఖలకు తాళం.

పూర్వం ఆలస్యమైనా పని జరిగిపోయేది. 1980, 81ల్లో అటార్నీ జనరల్ సివిలెట్టి పాత చట్టాన్ని తిరగేసి, కేటాయింపు లేనిదే ప్రాణానికీ ఆస్తికీ రక్షణ తప్ప ఇంకే పనీ చేయకూడదని అభిప్రాయమిచ్చాడు. అక్కడి నుంచి అది ఆయుధమైంది. 1995–96లో 21 రోజులు, 2018–19లో 35 రోజులు, 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు 43 రోజులు. ఈ చివరిది వైద్య బీమా రాయితీల పొడిగింపు గురించే. పై ప్రశ్నలో మిగిలిన పాయసమే ఇది కూడా. అన్నాళ్ళూ విమానాలకు దారి చూపేవాళ్ళు జీతం రాకుండా పనిచేశారు. నీలాంటివాళ్ళకు తగిలే సంగతి ఒకటుంది నాయనా: 2013లో మూతపడినప్పుడు కార్మిక శాఖ ఆగిపోయి, హెచ్–1బి దరఖాస్తుకు కావలసిన కాగితం కూడా ఆగింది. ప్రభుత్వం ఎంత చిన్నదైతే అంత మంచిదనే కంపెనీలు సైతం ఆ గుమాస్తా ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూశాయి.

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలో నాణ్యత విభాగంలో ఉన్నాను. అమెరికా ఔషధ సంస్థ తనిఖీకి వస్తుందంటే పదిహేను రోజులు నిద్ర ఉండదు. వాళ్ళ దేశంలోనే నిబంధనలు తగ్గించాలంటున్నారు కదా, మాకు ఎప్పుడు తగ్గుతాయి?
— పేరు వద్దన్నారు

జవాబు: తగ్గకూడదని కోరుకో బాబూ. 1937లో అక్కడ ఒక కంపెనీ సల్ఫా మందును తియ్యటి ద్రవంగా మార్చడానికి డైఇథిలీన్ గ్లైకాల్‌లో కలిపింది. నూరుమందికి పైగా పోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. మందు విషమా కాదా అని అమ్మేముందు పరీక్షించాలన్న చట్టమే అప్పుడు లేదు. ఆ కంపెనీ మీద దొరికిన నేరం ఏమిటో తెలుసా? ఆల్కహాలు లేకుండా దాన్ని 'ఎలిక్సిర్' అని పిలవడం! 1938లో చట్టం మారింది. 2025లో మధ్యప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందులో దొరికినదీ అదే రసాయనం. ఎనభై ఎనిమిదేళ్ళ తరువాత. నీ పదిహేను రాత్రుల నిద్ర పోతే పోనీ.

ప్రశ్న: మీరు డెమోక్రాట్లకు వకాల్తా పుచ్చుకున్నారు. పెద్ద ప్రభుత్వమంటే మీకు మోజు.
— సీతమ్మధార నుంచి ఒక చార్టర్డ్ అకౌంటెంట్

జవాబు: అక్కడి పెద్ద ప్రభుత్వపు పనుల్లో నాకు ఇష్టమైనవి చాలావరకు రిపబ్లికన్లవే, ఏం చేయమంటారు? వ్యవసాయ కళాశాలలకు భూములిచ్చిన 1862 చట్టం లింకన్‌ది. ఆ చట్టంతో లేచిన కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయమే, 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు చేయూతనిచ్చింది. జాతీయ రహదారులు 1956లో ఐసెన్‌హోవర్‌వి. పర్యావరణ సంస్థ 1970లో నిక్సన్‌ది. అటు 1978లో విమాన ఛార్జీల మీద సర్కారు పట్టు వదిలినది డెమోక్రాట్ కార్టర్. పెద్ద ప్రభుత్వాల కాలం ముగిసిందని 1996లో చట్టసభలో ప్రకటించినది డెమోక్రాట్ క్లింటన్.

గర్భస్రావం విషయానికి రండి, పాత్రలు తారుమారు. అక్కడ సర్కారు గడప దాటి రాకూడదనేది డెమోక్రాట్లు. సుంకాల విషయానికి రండి. 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం యాభై శాతానికి చేర్చినది చిన్న ప్రభుత్వం కావాలన్న పార్టీ అధ్యక్షుడు. సుంకం వేసే అధికారం రాజ్యాంగం జాబితాలో చట్టసభకు రాసి ఉంది. మీరు లెక్కల మనిషి గనుక ఒక పద్దు అడుగుతాను: మీ ఖాతాదారుల్లో ప్రభుత్వం తగ్గాలనేవాళ్ళెందరు, వాళ్ళలో సబ్సిడీ దరఖాస్తు పెట్టనివాళ్ళెందరు? సంఖ్య పంపండి, పేర్లు వద్దు.

ప్రశ్న: అమ్మా, మాది ఆర్.ఆర్. వెంకటాపురం పక్క వీధి. 2020 మే 7 తెల్లవారుజామున నిద్రలోంచి పరుగెత్తినవాళ్ళం. విషవాయువు వదిలిన ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో స్టైరీన్ అనే రసాయనం ఉందని ఆ రోజే విన్నాం. అమెరికాలో ఫ్యాక్టరీ పక్కనున్నవాళ్ళకు లోపల ఏముందో చెబుతారా?
— ఒక గృహిణి

జవాబు: చెప్పాలి తల్లీ, చట్టముంది. అది ఎలా వచ్చిందో తెలిస్తే నీకు కోపం వస్తుంది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వేలమందిని చంపింది. ఎనిమిది నెలలకు, అదే కంపెనీకి పశ్చిమ వర్జీనియాలో ఉన్న ఫ్యాక్టరీలో వాయువు లీకై నూరుమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు వాళ్ళ చట్టసభ కదిలింది. 1986 అక్టోబరులో 'తెలుసుకునే హక్కు' చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ తన దగ్గర ఏ ప్రమాదకర రసాయనం ఎంత ఉందో స్థానిక కమిటీకీ అగ్నిమాపక దళానికీ చెప్పాలి. ఏటా ఎంత విషం గాలిలోకీ నీళ్ళలోకీ వదిలిందో ప్రజలకు తెలియాలి. సంతకం మళ్ళీ రేగన్‌దే. భోపాల్‌లో మనవాళ్ళు పోతే కాగితం వాళ్ళకు వచ్చింది.

అక్కడా అంతా సవ్యంగా లేదు. 2013లో టెక్సాస్‌లో వెస్ట్ అనే చిన్న ఊళ్ళో ఎరువుల గోదాము పేలి పదిహేను మంది చనిపోయారు. ఆ తరువాత ఒబామా ప్రభుత్వం 2017లో నిబంధనలు బిగించింది, ట్రంప్ ప్రభుత్వం 2019లో వదులు చేసింది, బైడెన్ ప్రభుత్వం 2024లో మళ్ళీ బిగించింది. అధ్యక్షుడు మారితే బోల్టు తిరుగుతుంది. ఫ్యాక్టరీ పక్కన కాపురం చేసేవాళ్ళు మాత్రం అక్కడే ఉంటారు.

మన దగ్గర నిబంధనలు లేవని ఎవరైనా చెబితే నమ్మకు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో, ప్రమాదం తగిలే చోట ఉన్నవాళ్ళకు ముందే సమాచారమివ్వాలని ఉంది. 1996 నిబంధనల ప్రకారం జిల్లాకు ఒక రసాయన ప్రమాదాల కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షుడు కలెక్టరే. నువ్వు చేయవలసినది ఒకటుంది. తెల్ల కాగితం మీద సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు కార్యాలయానికి మూడు ప్రశ్నలు రాయి: మా వీధికి రెండు కిలోమీటర్ల లోపల ఏ ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఎంత ఉంది, ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, సైరన్ మోగితే మేము ఎటు పరుగెత్తాలి. పది రూపాయల రుసుము. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక నకలు నీ దగ్గర ఉంచుకో, రసీదు పారేయకు. ముప్పై ఒకటో రోజున, జవాబు వచ్చినా రాకపోయినా, నాకు ఒక కార్డు ముక్క రాయి.